డ్యాం కట్టిన వియ్యంకుడు

మా మామయ్య ఈ దేశపు మొదటి ప్రధానమంత్రిని చూశారు. చూశారంటే, ఆయన టోపీని చూశారు. ఎవరు అడిగినా అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవారు కాదు.

"జనం మస్తుగున్నరు. నేను గుట్ట మీద, గాయన కింద. తెల్ల టోపీ ఒకటి అటు ఇటు కదిలింది. అందరు సప్పట్లు గొట్టిన్రు, నేను గూడ గొట్టిన. గంతే."

కృష్ణ మీద పెద్ద డ్యాంకి పునాదిరాయి వేసిన రోజు సంగతి అది. అప్పటికి మామయ్యకి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. వాళ్లది నల్గొండ జిల్లాలో గుట్టల మధ్య ఊరు. ప్రధానిని చూద్దామని ఊరివాళ్లతో కలిసి నడిచి వెళ్లి, మళ్లీ ఇంటికి రాకుండా అక్కడే కూలికి కుదిరిపోయారు. రాళ్లు మోశారు, గచ్చు మోశారు, ఎండకి మాడారు, జ్వరాలు పడ్డారు. గోడ బాగా పైకి లేచేదాకా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత పెళ్లి, నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, రిటైర్మెంటు, ఉప్పల్‌లో రెండు గదుల సొంతిల్లు. నేను కోడలిగా వచ్చేసరికి అత్తయ్య లేరు. ఇంట్లో మామయ్య, మా ఆయన, నేను, ముగ్గురమే.

నేను నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ప్రతి నవంబరు పద్నాలుగున పిల్లల పండగకి మామయ్యే మా ముఖ్య అతిథి. ఆ రోజు స్కూల్లో ఎటు చూసినా ప్రధానమంత్రులే. పొడుగు కోటు, తెల్ల టోపీ, గుండీ దగ్గర గులాబీ. అంతమందికి అసలు గులాబీలు ఎక్కడ దొరుకుతాయి, సగంమందికి ప్లాస్టిక్‌వే. ఎల్‌కేజీ ప్రధానమంత్రులు ఇద్దరు టోపీ కోసం కొట్టుకుని ఏడుస్తుంటే ఆయాలు పట్టుకుని విడదీసేవారు. ఆ గోలంతా సద్దుమణిగాక మామయ్య మైకు ముందుకొచ్చి గుట్ట, టోపీ, చప్పట్లు చెప్పి కూర్చునేవారు.

మా కరస్పాండెంటుకి ఈ కథ చాలలేదు. ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "మేడం, మీ మామగారు ఆయనతో చేయి కలిపినట్టు చెబితే బాగుంటుంది కదా, పిల్లలకి ఇన్‌స్పిరేషన్" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మామయ్య నవ్వలేదు. "నా చెయ్యికి మట్టి అంటుకోని ఉండె. గాయన చెయ్యి నాకెందుకిస్తడు" అన్నారు. అప్పటినుంచి ఎవరైనా స్వాతంత్ర్య సమరం గురించి గొప్పలు పోతుంటే నాకు మా మామయ్య గుర్తొస్తారు. ఉన్నదానికి చిటికెడు కూడా కలపని మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇంతకీ నాది ఆ డ్యాంకి అవతలి వైపు ఊరు. గుంటూరు జిల్లాలో, కుడి కాలవ కింద. మా నాన్న వ్యవసాయంలోకి దిగిన కొత్తలోనే కాలవ వచ్చిందట. అంతకు ముందు జొన్నలు, కందులు, వానొస్తే పంట, రాకపోతే వలస. కాలవ వచ్చాక వరి, మిరప, పెంకుటిల్లు పోయి డాబా. నేను చదువుకున్నానంటే ఆ నీళ్ల పుణ్యమే. మా నాన్న మొదటి ప్రధాని పేరు ఎత్తితే చెప్పులు విడిచి మాట్లాడే రకం. ఆయన వల్లే అన్నం తింటున్నామని మాకు చిన్నప్పుడే నూరిపోశారు.

నేను ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను. నాచారంలో మందుల కంపెనీలో పనిచేసే మా ఆయన నాకు బస్టాపులో పరిచయం. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు. రెండు వైపులా గొణుక్కున్నా పెళ్లి ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో బాగానే జరిగింది. నాన్న వెళ్లేటప్పుడు మామయ్య రెండు చేతులూ పట్టుకుని, "బావగారూ, మీరు మా ఇంటికొచ్చి చేయి కడగాలి. అప్పుడే నాకు పెళ్లి చేసినట్టు" అన్నారు. మా వైపు అది పట్టింపు. వియ్యంకుడు వచ్చి ఒక పూట అన్నం తింటేనే వియ్యం నిలిచినట్టు. మామయ్య "అట్లనే బావా" అన్నారు.

అన్నారే గానీ వెళ్లలేదు. ఆ ఏడు ఎండలన్నారు. తర్వాత వానలన్నారు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అవే మోకాళ్లతో యాదగిరిగుట్ట మెట్లు ఎక్కారు, దమ్మాయిగూడలో స్నేహితుడి కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లి రోజంతా నిలబడి వడ్డించారు. మా ఊరి మాట ఎత్తగానే మాత్రం ఆ మోకాళ్లు పట్టేసేవి. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే ప్రశ్న: "మీ మామగారు ఎప్పుడొస్తారమ్మా?" ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్రశ్నలో పిలుపు తగ్గి నొప్పి పెరిగింది. ఊళ్లో బంధువులు అడుగుతున్నారు, మీ వియ్యంకుడికి మీరు ఆనలేదా అని. నాన్న ఏం చెప్పుకుంటారు? ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్లు మండిపోయేది. అడిగితే మామయ్య, "పోదాం తియ్ బిడ్డా" అనేవారు. ఆ "పోదాం" ఎంత దూరమో నాకు బాగా తెలుసు.

ఇంతలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరింది. ఉప్పల్ చౌరస్తా దగ్గర టెంటు వేశారు. దండలు, జెండాలు, డప్పులు, మైకులో పాటలు. మామయ్య పొద్దున టిఫిన్ చేసి టెంటుకి వెళ్లి మధ్యాహ్నం అన్నానికి వచ్చేవారు, ఆఫీసుకి వెళ్లొచ్చినట్టు. ఒకరోజు అన్నం తింటూ, ఆ రోజు మైకులో విన్న సంగతి చెప్పారు. తెలంగాణని ఆంధ్రతో కలిపినప్పుడు మొదటి ప్రధానే దాన్ని పెళ్లితో పోల్చారట, పొసగకపోతే విడిపోవచ్చని కూడా అన్నారట. ఆయన అన్నారో లేదో, ఏ మాటల్లో అన్నారో నాకు తెలియదు. ఆ రోజుల్లో ఉప్పల్‌లో ఆ మాట తెలియని మనిషి మాత్రం లేడు.

ఇక మా ఇంటికి ఎవరొచ్చినా నాతో ఒకటే వేళాకోళం. "ఏం పిల్లా, ఇడుపు కాయితాలు ఎప్పుడు?" అనేది పక్కింటి వదిన. ఆమెకి నేనంటే ఇష్టమే, నా గోంగూర పచ్చడి లేకుండా ముద్ద దిగేది కాదు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి లోపలికొచ్చాక గిన్నెలు కొంచెం గట్టిగా కడిగేదాన్ని. లాలాపేట్ మార్కెట్‌లో కూరలు బేరం చేయాలన్నా నా యాస బయటపడుతుందని ఆలోచించాల్సి వచ్చిన రోజులవి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అది నిజం. అంటారేమోనన్న బెరుకు మాత్రం వదల్లేదు.

ఆ ఏడు పిల్లల పండగకి మామయ్యని పిలవడానికి కరస్పాండెంటు జంకాడు. స్టాఫులో సగంమంది ఇటు, సగంమంది అటు. "డ్యాం వరకు చెప్పి ఆపేయమనండి మేడం" అన్నాడు. మామయ్య డ్యాం వరకే చెప్పి ఆపేశారు. అయితే పిల్లలు ఆపలేదు. పదో తరగతి పిల్ల ఒకతి లేచి, "తాతా, ఆయన తెలంగాణను ఆంధ్రలో కలిపింది తప్పా?" అని అడిగింది. నేను పాఠం చెప్పేటప్పుడు ప్రశ్నలడగండర్రా అని పోరేదాన్ని. ఆ పిల్ల ఏడాదంతా నోరు విప్పకుండా ఆ ఒక్కటీ అడిగింది.

మామయ్య నా వైపు చూశారు. నేను స్టేజి పక్కనే గులాబీల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేస్తారనుకున్నాను. దాటేసే మనిషి కాదని అప్పటికి నాకు తెలిసి ఉండాల్సింది.

"డ్యాం కట్టుడు తప్పు గాదు బిడ్డా. కలుపుడు తప్పే. మమ్ముల అడగలే" అన్నారు.

సగంమంది పిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతా సగం టీచర్ల మొహాల్లోకి చూశారు. టీచర్లు నా మొహంలోకి చూశారు. మామయ్య, నేను నాచారం నుంచి ఉప్పల్ దాకా ఆటోలో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంట్లో కూడా మానేశాను. కోపమొస్తే అరిచే అలవాటు నాకు లేదు, మా అమ్మ పోలిక. వడ్డించి లోపలికి వెళ్లిపోయేదాన్ని. మారు అడిగేదాన్ని కాదు. తినేవాళ్లకి ఆ బాధ ఎలాంటిదో వడ్డించేవాళ్లకి తెలుసు. మామయ్య తనే గిన్నె జరుపుకుని కూర వేసుకునేవారు. మా ఆయన మధ్యలో నలిగి, "నాయినకు నువ్వంటే ఎంత ప్రేమో నీకు తెల్వదా" అన్నాడు. తెలుసు కనుకే కోపం. బజార్లో ఎవరో అంటే నాకేంటి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వరండాలో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. మామయ్య వచ్చి ఎదురుగా కూర్చుని, గుప్పెడు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు.

"గుస్స అయినవా?"

"లేదు."

"అయినవ్. ఆ కాయ ఈనె తియ్యకుంటనే గిన్నెల ఏసినవ్."

ఇక ఆపుకోలేకపోయాను. "మామయ్యా, ఆయన కలపకపోతే ఈ హైదరాబాద్ మా రాజధాని అయ్యేదా? నేను వచ్చేదాన్నా? కలపడమే తప్పయితే నేను ఈ ఇంటికి రావడం కూడా తప్పేగా?"

ఆయన చేతిలో పని ఆపలేదు. "నువ్వొచ్చుడు గాయన జేసిన పని గాదు. నీ కాళ్లతోని నువ్వొచ్చినవ్. నిన్నెవరు తెచ్చి పడెయ్యలే. అడిగి వచ్చుడు వేరు, అడగకుండ కలుపుడు వేరు."

అయినా వదలబుద్ధి కాలేదు. "మరి మా ఇంటికెందుకు రారు? నాన్న ఇన్నేళ్ల నుంచి అడుగుతున్నారు. ఆయనేం చేశారు మీకు?"

ఆయన గుప్పెట్లో మిగిలిన కాయలు ఈనెలు తీసి గిన్నెలో వేశారు. తర్వాత వాళ్లక్క సంగతి చెప్పారు. ఆమెని నేను రెండు మూడుసార్లు చూశాను. వాళ్ల ఊళ్లోనే ఉండేది. నడుం పూర్తిగా వంగిపోయి, మనిషి మొహం చూడాలంటే మెడ పక్కకి తిప్పి చూసేది. ముసలితనం అనుకున్నాను, అదే అన్నాను.

"ముసల్తనం గాదు. ఫ్లోరైడు నీళ్లు. నేను డ్యాం పనికి పోయిన్నాడు, నీళ్లు రానియ్ తమ్మీ, వరి బువ్వ వండి పెడ్త అన్నది. మాకప్పుడు జొన్న గట్కనే. నేను ఒక్కొక్క రాయి మోసేటప్పుడు గా బువ్వనే యాదికొచ్చేది. గోడ లేసింది, నీళ్లు నిండినయ్. మా ఊరు ఎత్తు మీద ఉన్నది, కాలువ ఎక్కదన్నరు. నీళ్లు మీ దిక్కు పోయినయ్. అక్క గా బోరు నీళ్లే తాగింది. ఒంట్ల బొక్కలన్ని వంగినయ్. నేనీడ పట్నంల నల్లా తిప్పితే కృష్ణ నీళ్లే వస్తయ్. నేను తాగుత. తాగినప్పుడల్లా నాకు గొంతుల పడదు."

నేను గిన్నె పక్కకి పెట్టేశాను.

"మీ నాయిన మంచోడు. నేనొస్తే పొలం జూపిస్తడు. జూపియ్యకుంట ఎట్లుంటడు, సంబురం గదా. అప్పుడు నేను బాగుంది బావా అనాలె. అనకుంటే ఆయన చిన్నబుచ్చుకుంటడు. అంటే నాకు అబద్ధమయితది. అందుకే రాను. మోకాళ్ల నొప్పులు గిట్ట ఏం లేవు."

"ఆ ప్రధానమంత్రి మీద కోపం లేదా మీకు?"

"గాయన మీద కోపమెట్లొస్తది. అంత చదువుకున్నోడు, జైళ్లల్ల ఏండ్లకేండ్లు గూసున్నోడు. పైకెల్లి సూసిండు, దేశం కనవడ్డది. మా ఊరు కనవడలే."

ఆ మర్నాడు క్లాసులో అదే పాఠం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో ఆయన గురించి ఉన్నవన్నీ నిజాలే. జైలు నిజం, ఫ్యాక్టరీలు నిజం, మా నాన్న పొలం నిజం. చదువు రాని కూలివాడి చేతికీ చదువుకున్నవాడి చేతికీ ఒకే ఓటు పెట్టిన ఆ తరం మొండితనం అన్నిటికంటే నిజం. నువ్వు చేసింది తప్పని చౌరస్తాలో టెంటు వేసుకుని చెప్పగలుగుతున్నామంటే అది కూడా ఆయన కాలంలో పడ్డ పునాదే. మామయ్యకి ఆయన డ్యాం ఇచ్చారు, తప్పని చెప్పే నోరూ ఇచ్చారు, నీళ్లు ఇవ్వలేదు. ఇది పరీక్షలో ఎన్ని మార్కుల ప్రశ్నో నాకు తెలియదు. నా కోపం మాత్రం ఆ పూటకి కరిగిపోయింది. సాయంత్రం మామయ్యకి మారు వడ్డించాను.

నాన్నకి మాత్రం నేను ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆయన తన నీళ్లకి తానే సిగ్గుపడతారని భయం. మోకాళ్ల నొప్పులే చెబుతూ వచ్చాను. నాన్న నమ్మలేదు. ఆ తర్వాత ఫోనులో అడగడం కూడా మానేశారు. అడిగినప్పటికంటే అదే ఎక్కువ గుచ్చుకునేది.

రాష్ట్రం వచ్చింది. దానికి ముందు చలికాలంలోనే మామయ్య వాళ్లక్క పోయింది. జూన్‌లో ఉప్పల్ అంతా రంగులు చల్లుకుంటుంటే మామయ్య కాసేపు చౌరస్తాకి వెళ్లి, మిఠాయి పొట్లంతో తిరిగొచ్చి, నాకు ఒక జిలేబీ తీసి ఇచ్చారు. పక్కింటి వదిన గుమ్మంలో నిలబడి, "ఇగ నువ్వు పరాయి రాష్ట్రపు కోడలివి" అంది. మామయ్య ఆమెకీ ఒక జిలేబీ ఇచ్చి నోరు మూయించారు. తర్వాత నాతో, "మీ నాయినకు ఫోన్ గొట్టు. కాలువకు నీళ్లు ఇడిసినంక వస్త అని చెప్పు" అన్నారు.

నేను నమ్మలేక ఆయన మొహంలోకి చూశాను. "ఇప్పుడా మామయ్యా?"

"ఇప్పుడే రావాలె. ఒక్క ఇంట్ల ఉన్నన్ని దినాలు పంచాదే. ఇప్పుడు వేరుపడ్డం. వేరుపడ్డోళ్లు ఒకరింటికి ఒకరు సుట్టపు సూపు పోతరు. ఇప్పుడు మీ నాయిన పొలం, మీ నాయిన పొలమే. నేను బాగుంది అనగలుగుత."

వానాకాలంలో నీళ్లు వదిలాక ముగ్గురం బస్సెక్కాం. కృష్ణ దగ్గరికి వచ్చేసరికి బస్సులో అందరూ కొత్త సరిహద్దు ఎక్కడుందో చూద్దామని కిటికీల్లోకి వంగారు. నీళ్లు కనిపించాయి. మామయ్య డ్యాం వైపు తలతిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూశారు.

మా ఇంటి గేటు దగ్గర నాన్న కొత్త పంచె కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన నిండు బకెట్టు, తోమి మెరిపించిన ఇత్తడి చెంబు. మా వైపు చుట్టం గడప దాటే ముందు కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. మామూలు చుట్టానికి చెంబు చేతికిస్తారు. వియ్యంకుడికి ఇంటి పెద్దే స్వయంగా పోస్తారు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మర్యాద అది. నాన్న చెంబు ముంచి, నడుం వంచి, మామయ్య పాదాల మీద పోయబోయారు.

మామయ్య గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

చెంబు గాల్లోనే ఆగిపోయింది. నాన్న మొహం మాడిపోయింది. "ఏం బావగారూ, గడప దాకా వచ్చి కూడా..." అని ఆపేశారు. అమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. మా ఆయన ఏదో అనబోతే నేను చేయి పట్టుకుని ఆపాను.

"గివి కాలువ నీళ్లేనా బావా?" అని మామయ్య అడిగారు.

"కాలవ నీళ్లేనండీ. చెరువుకెక్కించి వడపోసి ఇస్తారు. మేం తాగేవి ఇవే. మంచి నీళ్లే" అన్నారు నాన్న, నీళ్లలో ఏదో లోపం పట్టారేమోనన్నట్టు.

"అయితే కాళ్లకొద్దు" అని మామయ్య కొంచెం వంగి దోసిలి పట్టారు.

నాన్నకి అర్థం కాలేదు. నా వైపు చూశారు. "చేతుల్లో పొయ్యి నాన్నా" అన్నాను. నాన్న పోశారు. మామయ్య తాగారు. ఒక్క చుక్క కింద పడకుండా, వేళ్లు బిగించి పట్టుకుని, ఆగి ఆగి తాగారు. తడిచేతులు మొహానికి రాసుకున్నారు.

"మా అక్క మొన్న చలికాలంల పోయింది బావా. గీ నీళ్ల కోసం సూసి సూసి పోయింది. నేను కాళ్లు గడుక్కోలేను. ఏమనుకోకు."

నాన్న బకెట్టు వైపు చూశారు. తర్వాత దాన్ని తనే రెండు చేతులా ఎత్తుకుని, తొణక్కుండా లోపలికి తీసుకెళ్లి వంటింట్లో పెట్టారు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ కాళ్లు కడుక్కోలేదు. దుమ్ము కాళ్లతోనే అన్నానికి కూర్చున్నాం, నాన్న కూడా.